పెద్దపెళ్లాం చేతి సున్నం

కోడి ఇంకా కూయనే లేదు, కెంచమ్మ గొంతు మాత్రం లేచింది.

"ఏమే హొన్నీ, సున్నపురాళ్లు వాకిట్లో పడుండాయి. గోడలు గీకేదానికి కొడవలి నూరి పెట్టినా. ఎండెక్కినాక ఎక్కుతావా నిచ్చెన?"

హొన్నమ్మ అప్పటికే లేచింది. పేడకళ్లు ఎత్తి, వాకిలి చిమ్మి, కళ్లాపి చల్లి, సంకటికి ఎసరు కూడా పెట్టేసింది. అదంతా కెంచమ్మకు కనబడుతూనే ఉంది. కనబడితే మాత్రం అరవడం మానుతుందా? ఒక పూట అరవకపోతే తన అత్తరికం ఎక్కడ తగ్గిపోతుందోనని ఆమె భయం.

మైసూరు మహారాజుల సీమలో పావగడ తాలూకా ఒక కొస అయితే, ఆ తాలూకాలో హొసకోట దాటాక ఉన్న ఈ ఊరు మరీ కొస. పొలం గట్టు మీద నిలబడి చూస్తే కనబడేదంతా ఇంగ్లీషు వాళ్ల అనంతపురం జిల్లానే. ఊళ్లో పెద్ద మిద్దె కెంచమ్మది. మొగుడు పోయాక సేద్యాన్నీ కొడుకునీ ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. కొడుకు నారప్ప తల్లి చాటు బిడ్డ. కోడలు హొన్నమ్మ కాపురానికి వచ్చి చాలా ఏళ్లయింది, ఇంకా కడుపు పండలేదు. ఆ ఇంట్లో ఉన్నది ఈ ముగ్గురే. ముగ్గురిలో మాట్లాడేది ఒక్కరే.

ఏ పండగకో ఇంటికి సున్నం కొడుతుంటే ఇల్లాలికి ఎంత సంబరం! చీర కుచ్చెళ్లు ఎగదోపి పాట పాడుకుంటూ కొడుతుంది. కానీ ఈ సున్నం ఎందుకో తెలుసా? నారప్పకు రెండో పెళ్లి కుదురుతోంది. మడకశిర వైపు నుంచి పిల్లనిచ్చేవాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారు. వాళ్ల కోసం గోడలు తెల్లగా మెరవాలి. మెరిపించాల్సింది ఎవరు? మొదటి పెళ్లామే.

అది కెంచమ్మ ఇష్టానికి పుట్టిన మాట కాదు. వాళ్ల కులంలో తరాలుగా వస్తున్న కట్టు. పెళ్లాం బతికుండగా ఇంకొకతెను తెచ్చుకోవాలంటే పెద్దపెళ్లాం ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోవడానికి కాగితం లేదు, పంచాయితీ లేదు. ఇంటి ముందరి గోడకు ఆమె తన చేత్తో సున్నం పూయాలి, అడుగున ఎర్రటి జాజు పట్టీ దిద్దాలి. ఇంకొక మనిషి కుంచె ముట్టకూడదు. పిల్ల తండ్రి వచ్చి గోడ దగ్గర నిలబడి "ఎవరి చేతి సున్నం ఇది?" అని అడుగుతాడు. "నాదే" అని ఆమె నోటితో అనాలి. అలా అనకుండా పిల్లనిస్తే సవతి ఉసురు తగిలి పిల్ల బతకదని నమ్మకం. ఆహా, ఏం న్యాయం! గుండె మీద బండ వాళ్లే పెడతారు, ఎత్తుకున్నది నేనేనని ఆమె చేతే చెప్పిస్తారు.

మొదట హొన్నమ్మ ఒప్పుకోలేదు. సంత నుంచి సున్నపురాళ్లు వచ్చిన రోజున పొయ్యి దగ్గరే కూర్చుండిపోయింది. కెంచమ్మ గట్టిగా కూడా అరవలేదు. పక్కన చతికిలబడి మెల్లగా చెప్పింది.

"చూడే, నేనేం నిన్ను తరిమేయల్లేదు. సున్నం పూస్తివా, ఈ ఇంట్లో నీ ముద్ద నీకుంటాది. పెద్దదానివిగా ఉంటావు. పూయకపోతివా, బలసముద్రంలో నీ అన్న ఉండాడు కదా, ఆయప్ప వాకిట్లో పడుండు. నీ వదిన నిన్నెట్ల చూసుకుంటాదో నాకంటే నీకే తెలుసు."

హొన్నమ్మకు తెలుసు. కిందటి ఏడాది జాతరకని పుట్టింటికి పోతే, వదిన ఆమెకు కంచం పెట్టకుండా విస్తరాకు వేసింది. "తినేసి పోయేవాళ్లకు ఆకే మేలు" అని నవ్వింది కూడా. అన్న తల వంచుకుని తిన్నాడు. అమ్మా నాయనా లేని ఆడదానికి పుట్టిల్లు దారిలో కనబడే ఇంకో ఇల్లు, అంతే. ఉండటానికి ఈ కప్పు ఒక్కటే దిక్కు. అది నిలుపుకోవాలంటే సున్నం పూయాలి.

పూయడానికి ఒప్పుకుంది.

ముందు పాత పూత గీకాలి. కొడవలి వంపుతో గీకుతుంటే పెచ్చులు పెచ్చులుగా ఊడి తల మీద పడింది. వానకు కొట్టుకుపోయిన చోట్ల, ఎలుకలు తొలిచిన చోట్ల ఎర్రమట్టి, పేడ, పొట్టు కలిపి తొక్కి మెత్తి, అరచేత్తో చదును చేసింది. అది ఆరాక గోడంతా నీళ్లు చిలకరించింది. పొడిగోడ మీద సున్నం నిలవదు, ఆరీ ఆరకముందే రాలిపోతుంది. ఈ పనంతా ఆమెకు వాళ్లమ్మ నేర్పింది, మొగుడి ఇంట్లో మెప్పు పొందాలని.

పక్కింటి ఈరక్క చంకలో పాలు తాగే బిడ్డతో వచ్చి నిలబడింది. మంచి మనిషే, కానీ నోరు ఆగదు.

"ఏమ్మే హొన్నా, ఎవురైనా సవతి కోసరం ఇంత నున్నగా మెత్తుతారా? రెండు గుంతలన్నా వదలకూడదా?"

"వదిలితే మళ్లా నేనే కదక్కా పూడ్చల్ల."

"నీకు కోపం రాదా?"

"కోపమొస్తే యాడికి పోదును?"

ఈరక్క బిడ్డను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. గడప దగ్గర కెంచమ్మ దగ్గడంతో వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నారప్ప చేను నుంచి వచ్చాడు. కొత్త పెళ్లికొడుకు కదా, ముఖంలో వెలుగు ఉండాలి. లేదు. నిచ్చెన కింద నుంచి తప్పుకుపోబోయాడు. హొన్నమ్మ పైనుంచే పిలిచింది.

"ఏమయ్యా, ఒక్క మాట."

"ఏంది?"

"నీకిష్టమయ్యే చేసుకుంటాండావా? నా మొగం చూసి చెప్పు. ఇష్టమంటే నోరెత్తకుండా పూస్తా."

నారప్ప తల ఎత్తి చూశాడు, మళ్లీ వెంటనే దించుకున్నాడు.

"నీ కండ్లలోకి చూస్తే నాకు మాట రాదు హొన్నీ. అట్ల చూడొద్దు. నువ్వట్ల చూస్తాంటే ఈ పెండ్లీ వద్దు, ఏమీ వద్దు, పోనీలే అనిపిస్తాది."

"అనిపిస్తే అను మరి మీయమ్మతో."

"అంటాలే" అన్నాడు. అంటాడు, అంటాడు! ఆ 'అంటాలే' ఆ ఇంట్లో ఎన్ని కార్యాలను ముంచిందో లెక్క లేదు. అతను లోపలికి పోయి సంకటి తిని పడుకున్నాడు. తలుపు వెనకాల నిలబడి కెంచమ్మ ఆ మాటలన్నీ విన్నది. విన్నట్టు ఎవరితోనూ అనలేదు.

హొన్నమ్మ తొలి బానలో సున్నం ఉడికించి, గుడ్డతో వడగట్టి, నాగజెముడు జిగురు కలిపింది. ఈతమట్టను దంచి చేసిన కుంచెతో వాకిలికి కుడి పక్క గోడంతా పూసింది. సాయంత్రానికి ఆ గోడ పాలు పోసినట్టు తేలింది. దాన్ని చూసి ఒక్క క్షణం ఆమెకే ముచ్చటేసింది. వెంటనే ఆ ముచ్చట మీద ఆమెకు అసహ్యం పుట్టింది. చేతులు కడుక్కుని లోపలికి పోయి గొడ్లకు కుడితి కలిపింది.

మరుసటి రోజు పొద్దున ఎడమ పక్క గోడకు రెండో బాన పెట్టారు. బానలో రాళ్లు వేసి హొన్నమ్మ కట్టె పట్టుకుని వంగింది. నీళ్లు కెంచమ్మ పోయాలి. కొంచెం కొంచెంగా పోయాలి, ఉడుకు తగ్గాక మళ్లీ పోయాలి. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. కెంచమ్మకు తొందర.

"అత్తా, నిదానంగా."

"నాకు చెప్తావా? నువ్వు పుట్టకముందు నుంచీ పోస్తాండా" అంటూ కడవ మొత్తం కుమ్మరించింది.

బాన బుసబుసమంది. పొగ లేచింది. అడుగున ఎక్కడో ఒక రాయి పగిలి, ఉడుకుతున్న సున్నం ఒక్క ఎగురు ఎగిరింది. అంతే. హొన్నమ్మ కట్టె వదిలేసి ఎడమ కన్ను రెండు చేతులా మూసుకుని కేక పెట్టింది. అలాంటి కేక ఆ వీధి ఎన్నడూ వినలేదు.

"నీళ్లు! అమ్మా, నీళ్లు!"

వాకిట్లోనే ఎద్దులు తాగే రాతి తొట్టి ఉంది, నిండా నీళ్లు. కళ్లు కనబడక చేతులు చాపుకుంటూ అటు పరుగెత్తింది. తొట్టి అంచు చేతికి తగిలింది కూడా. ఇంతలో కెంచమ్మ వెనక నుంచి ఆమె రెండు మణికట్లూ పట్టుకుంది.

"ఒద్దే! నీళ్లు తగలనీయొద్దు! చూడల్లేదా బానలో? నీళ్లు తగిలితే కదా ఉడికేది! కన్ను కుతకుతా ఉడికిపోతాది, మొగమంతా పోతాది, గమ్మునుండు!"

"మంట అత్తా! చచ్చిపోతా! వదులు!"

"వదల్ను. ఆముదం పోస్తా, ఓర్చుకో."

ఈడ్చుకుపోయి అరుగు మీద పడుకోబెట్టింది, ఛాతీ మీద మోకాలు ఆనించి మరీ. లోపలి నుంచి ఆముదం తెచ్చి కంట్లో పోసింది. హొన్నమ్మ కొట్టుకుంది, తన్నుకుంది, చివరికి సొమ్మసిల్లింది. నీళ్ల తొట్టి పక్కనే ఉంది. ఎవరూ దాన్ని ముట్టలేదు.

నాటువైద్యం చేసే మారన్న వచ్చి చూసి పెదవి విరిచాడు. చనుబాలు పిండితే మంట తగ్గుతుందన్నాడు. "ఈ ఇంట్లో చనుబాలు యాడుండాయప్పా, ఈ గొడ్రాలు కాపురానికొచ్చినాక?" అంది కెంచమ్మ. కన్ను పోతున్న మనిషి మంచం పక్కన నిలబడి కూడా ఆ మాట అంది. ఈరక్కే వచ్చి తన బిడ్డ పాలు పిండింది. పిండుతున్నంతసేపూ ఆమె ఏడ్చింది. కొన్నాళ్లకు మంట తగ్గింది, కానీ కన్ను తెల్లబడింది, ఉడకబెట్టిన గుడ్డు మాదిరి. చూపు లేదు.

నారప్ప ఆ కన్నును ఒకసారి చూసి దడుచుకున్నాడు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడాల్సి వస్తే గుంజతో మాట్లాడినట్టు పక్కకు తిరిగి మాట్లాడాడు. ఇప్పుడతనికి మాట బాగానే వస్తోంది.

హొన్నమ్మకు మాత్రం అత్త మీద కోపం లేదు, నమ్ముతారా? పైగా కృతజ్ఞత. ఈరక్కతో కూడా చెప్పింది: "మా అత్త గట్టిగా పట్టుకోకుంటే నీళ్లలో మొగం పెట్టేసుందును అక్కా. ఇంకో కన్నూ పోయుండు. నోరు చెడ్డది గానీ ఆయమ్మే నన్ను కాపాడింది." ఈరక్కకు అంతకంటే తెలియదు. సున్నం, నీళ్లు, ఉడుకు, ఈ మూడూ కళ్లముందు కనబడేవే కదా. తలూపింది.

ఇల్లు చూసే నాడు దగ్గర పడింది. ఎడమ పక్క గోడ అలాగే ఉంది, మట్టి మెత్తిన మచ్చలతో. హొన్నమ్మ నిచ్చెన ఎక్కలేదు. ఒంటికన్నుతో మెట్టు ఎక్కడుందో అందడం లేదు, రెండుసార్లు జారింది. కెంచమ్మ అటూ ఇటూ చూసింది. ఊరంతా చేలకు పోయిన మిట్టమధ్యాహ్నం తలుపు దగ్గరేసి, తానే కుంచె పట్టి నిచ్చెన ఎక్కింది. గోడంతా పూసింది, జాజు పట్టీ దిద్దింది. దిగివచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"చూడే, కట్టు తప్పినామని ఎవురికీ తెలీదు. అడిగితే అంతా నాదేనని చెప్పు. నిన్ను అంత నొప్పిలో నేనే కదా పట్టుకుంటి?"

"చెప్తాలే అత్తా. నీ రుణం యాడ తీర్చుకుందును?"

ఆ మాటకు కెంచమ్మ చటుక్కున లేచి వెళ్లిపోయింది.

అనుకున్న వేళకంటే ముందే బండి వచ్చింది. కెంచమ్మ అప్పుడే ఇంటి మూల మీద మచ్చ కనబడిన చోట మళ్లీ పూత వేస్తోంది. బండి గంటలు వినబడగానే కుంచె దూలం సందులో దోపి, చేతులు కొంగుకు తుడుచుకుని ఎదురు వెళ్లింది. మిగిలిన సున్నం బాన గోడ వారనే ఉండిపోయింది.

పిల్ల తండ్రి సంజీవప్ప నిండైన మనిషి, మాట తూచి వదిలే రకం. వెంట భార్య సుంకులమ్మ. ఆమె దిగీ దిగకముందే గుమ్మంలో నిలబడ్డ హొన్నమ్మను ఎగాదిగా చూసింది. మొగుడి చెవిలో అన్నాననుకుంది గానీ వీధికంతా వినబడింది.

"ఒంటికన్నుది. మంచిదే లేయ్యా. మన బిడ్డకు ఇది ఏం పోటీ వస్తాది?"

హొన్నమ్మ కొంగు తల మీదుగా లాక్కుంది. నారప్ప నవ్వీ నవ్వనట్టు నవ్వాడు. పుండు మీద కారం చల్లేవాళ్లు చల్లుతుంటే, కట్టుకున్నవాడు పక్కన నిలబడి తమలపాకులు అందిస్తున్నాడు.

అంతలో బండి విప్పారు. దూరం నుంచి వచ్చిన ఎద్దులు, దప్పికతో ఉన్నాయి. అందులో ఒకటి గోడ వార బానను చూసి కుడితి అనుకుంది. మూతి లోపల పెట్టింది. గబుక్కున తల విదిల్చింది. కొమ్ము తగిలి బాన పగిలి సున్నమంతా దాని ముఖం మీద చిందింది. కళ్ల నిండా సున్నం. ఎద్దు వెర్రిగా అరుస్తూ గుండ్రంగా తిరుగుతోంది.

"అయ్యో, నా ఎద్దు!" అని సంజీవప్ప అంటుండగానే కెంచమ్మ పరుగెత్తింది.

"నీళ్లు! నీళ్లు తేండి! కంట్లో సున్నం పడిండాది, నీళ్లు కొట్టండి బిరీన! ఒరే నారప్పా, ముకుతాడు పట్టుకోరా! కదలనీయొద్దు!"

ఎవరైనా తెచ్చేదాకా ఆగలేదు. తొట్టిలో కడవ ముంచి ఎద్దు కళ్ల మీద కుమ్మరించింది. మళ్లీ ముంచింది, మళ్లీ కుమ్మరించింది. రెప్పలు వేళ్లతో విప్పి మరీ పోసింది. కడవ వెనక కడవ. చీరంతా తడిసింది, జారుడులో పడింది, లేచి మళ్లీ పోసింది. తెల్లటి నీళ్లు పోయి మామూలు నీళ్లు కారేదాకా ఆగలేదు. చివరికి ఎద్దు తల దించి, కళ్లు తెరిచి, బుర్రున చీదింది.

సంజీవప్ప దాని కళ్ల ముందు చెయ్యి ఆడించి చూశాడు. ఎద్దు రెప్ప వేసింది.

"చూపు నిలిచిందక్కా! ఎంత బుద్ధిమంతురాలివి! సున్నం పడితే నీళ్లే మందు. ఎంత బిరీన పోస్తే అంత మేలు. ఇంకొకరైతే చేతులు పిసుక్కుంటా నిలబడుందురు."

కెంచమ్మ కడవ చేత్తో పట్టుకుని రొప్పుతూ తల ఎత్తింది. గుమ్మంలో హొన్నమ్మ. కొంగు తల మీద నుంచి జారిపోయింది. మిగిలిన ఒక్క కన్నూ అత్తనే చూస్తోంది. కెంచమ్మ చేతిలో కడవ జారి పడి పగిలింది.

ఎద్దు బాగుందన్న సంతోషంలో చుట్టాలు అది పట్టించుకోలేదు. సంజీవప్ప తలపాగా సర్దుకుని, వచ్చిన పనికి వచ్చాడు. గోడ దగ్గర నిలబడి హొన్నమ్మను పిలిచాడు.

"ఇట్ల రామ్మా. అడగాల్సిన మాట అడగల్ల కదా. ఎవురి చేతి సున్నం ఇది?"

హొన్నమ్మ మెట్లు దిగి వచ్చింది, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ. ఒక్క మాట చాలు. 'నాదే' అంటే ఈ కప్పు కింద ముద్ద దొరుకుతుంది. లేదంటే అన్న వాకిలి, వదిన విస్తరాకు. అది ఆమెకు బాగా తెలుసు. కుడి పక్క గోడ మీద అరచెయ్యి ఆనించింది.

"ఈ పక్క నాది."

"మరి ఆ పక్క?"

"ఆ పక్క మా అత్తది."

సుంకులమ్మ బుగ్గ నొక్కుకుంది. "ఏందీ! పెద్దపెండ్లాం పూయలేదా?"

"ఆ పక్క పూయలేదమ్మా. నేను ఒప్పుకోలేదు. మీ బిడ్డను ఇస్తే ఇయ్యండి, నా ఉసురు మాత్రం నా మాట వినదు."

సంజీవప్ప కెంచమ్మ వైపు తిరిగాడు. "ఏమక్కా, నిజమేనా?" కెంచమ్మ అవుననలేదు, కాదనలేదు. ఆ మనిషికి అది చాలు. జాలిపడి కాదు, భయపడి వెళ్లిపోయాడు. ఇచ్చిన తాంబూలం అరుగు మీదే పెట్టేసి, తడిసిన ఎద్దునే మళ్లీ బండికి కట్టించాడు. సుంకులమ్మ పోతూ పోతూ "కట్టు తప్పిన కొంప" అని ఉమ్మేసింది.

బండి మలుపు తిరగ్గానే నారప్పకు మగతనం గుర్తొచ్చింది. ములుకోల తీసుకుని భార్య మీదికి వచ్చాడు.

"ఇంటి మానం తీసినావు కదే! ఒక్క మాట అంటే నీ నోరు అరుగుతాదా? పో, పో నీ అన్న కొంపకు! ఈడ ఉండొద్దు!"

ములుకోల లేచింది. అది దిగకుండా పట్టుకున్నది కెంచమ్మ.

"దాన్ని ముట్టొద్దురా."

"నువ్వు తప్పుకోమ్మా! నీ మొగాన్నే కదా అది ఉమ్మేయించింది."

"కొట్టల్లంటే నన్ను కొట్టు. దాని కన్ను నేనే తీసినా."

నారప్పకు అర్థం కాలేదు. "సున్నం ఎగిరి పడితే నువ్వేం చేస్తావు?"

హొన్నమ్మ అప్పుడు నోరు తెరిచింది. గొంతు పెంచలేదు.

"ఎద్దుకు నీళ్లు పోస్తివి కదత్తా. నాకు యాల పోయనీలేదు?"

"తెలీక..." అని మొదలుపెట్టి కెంచమ్మ ఆగిపోయింది. తడి చీరతో అలాగే బురదలో కూలబడింది.

"తెలుసే. నాకు తెలుసు. మా నాయన ఇంట్లో మా చిన్నాయన కంట్లో సున్నం పడితే మా అవ్వ బావిలోకి నెట్టింది. చూపు దక్కింది. బాన కాడ నేను కావాలని చెయ్యలేదు, అమ్మోరి మీద ఒట్టు, తొందరలో పోసినా. నువ్వు నీళ్లని అరిచినావు. నా కాళ్లు తొట్టి కాడికే పోయినాయి. అప్పుడు అనిపించిందే... ఈ కండ్లే కదా నా కొడుకును కట్టేసేది. ఈ కండ్లు చూసే కదా వాడు పెండ్లి వద్దంటాడు. పోనీ, ఒకటి పోనీ. అంతే, నా చెయ్యి నీ చెయ్యి పట్టుకుంది. మళ్లా వదలలేదు."

అని తల బాదుకుంది. ఏడుపు ఆగలేదు. ఊరంతటినీ అరుపుతో ఆడించిన మనిషి చిన్నపిల్లలా ఎక్కిళ్లు పెట్టింది.

"దాని కన్ను తీసినాక కూడా అది నాకు దండం పెట్టిందిరా నారప్పా! నీ రుణం తీర్చుకోలేను అత్తా అనింది. దానికి నేను సమాధానం చెప్పలేక లేచి పోతిని. ఇప్పుడు ఆ ఎద్దు కన్ను తెరిచి చూసింది. హొన్నీ కన్ను కూడా ఇట్లనే చూస్తాండు కదా, రెండు కడవలు పోసుంటే!"

నారప్ప చేతిలోంచి ములుకోల జారింది. కళ్లలోకి చూస్తే మాట రాదని అన్నది ఎవరు? తనే. తల్లికి ఆ దారి చూపించింది ఎవరు? తనే. ఆమె చూపుకు భయపడి నిచ్చెన కింద నుంచి తప్పుకుపోయినవాడికి ఇప్పుడు ఎటు తప్పుకోవాలో తెలియలేదు. అరుగు మీద కూర్చుని ముఖం మోకాళ్లలో దాచుకున్నాడు.

కెంచమ్మ బురదలోనే పాకి వచ్చి కోడలి కాళ్లు పట్టుకోబోయింది. హొన్నమ్మ వెనక్కి తగ్గింది.

"ఏడ్వద్దు అత్తా. నీకు ఏడ్చేదానికి రెండు కండ్లుండాయి. నాకు ఉండేది ఒకటే. దాన్ని నీ కోసరం తడుపుకోను."

"నన్నేం చేయమంటావో చెప్పమ్మా. ఊరందరి ముందర ఒప్పుకోమంటావా? ఒప్పుకుంటా. ఇల్లు వదిలి పొమ్మంటావా? పోతా. నువ్వు పోవద్దు."

"నేను యాడికీ పోను. నువ్వూ పోవద్దు. ఈడనే ఉండు. ఈ ఇల్లు నాదే, నా కన్ను పెట్టి కొనుక్కున్నా. వీడికి ఇంకో పెండ్లి మాట ఈ గడప దాటకూడదు. నువ్వు బతికినన్ని దినాలూ నా కాడనే ఉండు. అంతకంటే నాకేమీ వద్దు."

క్షమించానని ఆమె అనలేదు. కెంచమ్మ కూడా అడగలేదు. అడిగే ధైర్యం ఉంటే కదా!

దీపాలు పెట్టే వేళకు వంటింట్లో పొగ లేచింది. హొన్నమ్మ పొయ్యి దగ్గరికి పోలేదు. పీట వాల్చుకుని కూర్చుంది. ఆ ఇంట్లో అత్త కంటే ముందు ఆమె కూర్చోవడం అదే మొదలు. కెంచమ్మ సంకటి ముద్ద చేసి, చెనక్కాయల పులుసు పోసి, వంగి కంచంలో పెట్టింది. గబుక్కున చెయ్యి లాక్కుంది. చూపు కంచం దాటి పైకి రావడం లేదు. ముద్ద సగం కంచంలో, సగం నేల మీద పడింది.

హొన్నమ్మ ముద్ద ముట్టుకోలేదు.

"తలకాయెత్తు అత్తా" అంది. "నా మొగం చూసి వడ్డించు."

కెంచమ్మ తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది.